గడ్డికి ముందు గొంతు: డెల్టాలో మంచినీళ్ల వరస

నీళ్లకు రెండు వరసలున్నాయి. ఒకటి కాగితం మీద రాసిన వరస. ముందు తాగడానికి, తర్వాత పంటకి, ఆ తర్వాత కరెంటుకి, పడవలకి, ఫ్యాక్టరీలకి, చివరాఖరికి మిగతావాటికి అని 1987 జాతీయ జలవిధానం రాసిపెట్టిన వరస. అందం కోసం పెంచే పచ్చిక, అంటే లాన్, ఆ "మిగతావాటి"లో ఎక్కడో అట్టడుగున ఉంటుంది. రెండో వరస ఎక్కడా రాసిలేదు. ఊరికీ వాడకీ నడుమ, చెరువు రేవుల దగ్గర, బావిగట్ల దగ్గర తరతరాలుగా నడుస్తూ వచ్చింది. ముందు ఎవరి బిందె, తర్వాత ఎవరి గొడ్డు, ఆఖరికి ఎవరి దోసిలి అన్నది కులం నిర్ణయించిన వరస. మొదటిది వాడకాల వరస. రెండోది మనుషుల వరస.

కరువొచ్చినప్పుడల్లా ప్రభుత్వాలకి మొదటి వరస గుర్తొస్తుంది. లాన్‌లకి నీళ్లు పట్టొద్దు, కార్లు కడగొద్దు, ఫౌంటెన్లు ఆపండి అని ఆదేశాలు వస్తాయి. 2015 తర్వాత కాలిఫోర్నియా నుంచి కేప్‌టౌన్ దాకా, ముంబై నుంచి బెంగళూరు దాకా ఇలాంటివి చాలా చూశాం. వీటిని మేము సమర్థిస్తాం. గొంతెండిన మనిషి పక్కన గడ్డి పచ్చగా ఉండటం ఏ న్యాయానికీ ఒప్పదు. అయితే ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇంకొకటుంది. వాడకాల వరసను సరిచేసినంత మాత్రాన మనుషుల వరస సరి కాదు. రెండో వరసను కదిలించకుండా మొదటి వరస కూడా ఎక్కువ కాలం నిలవదు. ఈ సంగతి మనకి నేర్పింది ప్రభుత్వ పత్రాలు కాదు, మన డెల్టా చెరువుగట్లు.

నీళ్ల నడుమ ఉన్న ఊళ్లు

కొల్లూరు అనగానే చాలామందికి వజ్రాలు గుర్తొస్తాయి. ఆ కొల్లూరు పల్నాటిది. మేము చెప్పే కొల్లూరు తెనాలి, రేపల్లెల చుట్టుపక్కల, కృష్ణ ఒడ్డు మండల కేంద్రం. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లాలో ఉండి, అప్పుడు ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వచ్చింది. కరకట్టకి ఒక పక్క మాగాణి, ఇంకో పక్క లంకలు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు పోయినప్పుడు ఈ లంక గ్రామాలు మునిగాయి. ఇన్ని నీళ్లున్న చోట మంచినీళ్ల సమస్యేమిటి అని దూరాన ఉన్నవాళ్లు అడుగుతారు. డెల్టాలో బతికినవాళ్లు ఆ ప్రశ్న అడగరు.

జవాబు మన మాటలోనే ఉంది. తాగే నీళ్లని మనం "మంచినీళ్లు" అంటాం. అంటే కనిపించే నీళ్లన్నీ మంచివి కావన్న తెలివి ఆ మాటలోనే ఉంది. మంచినీళ్ల చెరువు వేరు, గొడ్లు దిగే చెరువు వేరు. సముద్రం వైపు రేపల్లె, నిజాంపట్నం దాకా పోతే బోరు దించితే ఉప్పునీళ్లే తగులుతాయి. అందుకని డెల్టాకి కాల్వే దిక్కు. ఆ కాల్వని వేసవిలో కట్టేస్తారు. కట్టేముందు ఊరూరా మంచినీళ్ల చెరువులు నింపుకోవాలి. ఆ నీళ్లే ఫిల్టర్లు దాటి ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కి కుళాయిల్లోకి రావాలి. మళ్లీ కాల్వ వదిలే రోజు దాకా ఆ చెరువే ఊరికి ప్రాణం. అది నిండకపోయినా, నిండిన దాంట్లో మురికి పడినా ముందు ఎండేది వాడ గొంతే. డబ్బున్నవాడు క్యాన్ నీళ్లు తెప్పించుకుంటాడు, పెరట్లో లోతుగా బోరు దింపుకుంటాడు. కూలికి పోయే ఆడమనిషి బిందె పట్టుకుని కుళాయి దగ్గర కూర్చుంటుంది. ఆ పూట కూలి పోతుంది.

ఈ కాల్వల పుట్టుక గురించి మనకి చెప్పే చరిత్ర ఒక వైపు నుంచే ఉంటుంది. 1832-33లో వచ్చిన గుంటూరు కరువుని మన పెద్దలు నందన కరువు అన్నారు, డొక్కల కరువు అన్నారు. జిల్లాలో ఉన్న సుమారు 5 లక్షల మందిలో 2 లక్షల మంది పోయారని అంచనా. ఆ తర్వాత ఇరవై ఏళ్లకి, 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్టతో డెల్టా పచ్చబడింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. నేడు కృష్ణా డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. ఇదంతా నిజమే. కానీ ఆ నీళ్లని ఎకరాల్లో కొలిచారు, మనుషుల్లో కొలవలేదన్నది కూడా నిజమే. కాల్వనీటి మీద హక్కు భూమికి కట్టిన హక్కు. ఎకరం ఉన్నవాడికి నీటి వంతు ఉంది, నీటి పన్ను రసీదు ఉంది, లస్కరుని నిలదీసే గొంతు ఉంది. ఆ కాల్వ తవ్విన, ఆ పొలంలో నాట్లేసిన మాల మాదిగలకి భూమి లేదు కనక నీటి లెక్కలో పేరే లేదు. 

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ పద్ధతి పెద్దగా మారలేదు. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుల సాగునీటి నిర్వహణ చట్టం తెచ్చి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టింది. దేశమంతా దాన్ని మెచ్చుకున్నారు. ఆ సంఘాల్లో ఓటు ఆయకట్టు భూమి చేతిలో ఉన్నవాళ్లకి. అదే కాల్వ నీళ్లు బిందెలో పట్టుకుని తాగేవాళ్లకి ఓటు లేదు. తాగునీరు మొదటిది అని విధానంలో రాసుకున్న పదేళ్లకి, నీళ్లు పంచే సంఘంలో తాగేవాడికి చోటు లేకుండా చట్టం చేశారు. కాగితం మీది వరస కాల్వ దగ్గరికొచ్చేసరికి ఎలా తలకిందులవుతుందో ఇది చూపిస్తుంది.

తీర్మానానికీ గట్టుకీ మధ్య దూరం

కాగితానికీ గట్టుకీ మధ్య ఈ దూరం దళితులకి కొత్త కాదు. బావి దగ్గర ఎడంగా నిలబడి, పై కులపు వాళ్లెవరో చేది పోస్తే పట్టుకోవడం, హోటల్లో వేరే గ్లాసులో తాగి దాన్ని మనమే కడిగిపెట్టడం, ఇవన్నీ చట్టాలు ఉండగానే నడిచాయి. 1923లో బొంబాయి శాసనమండలి ఎస్.కె. బోలే తీర్మానం మేరకు ప్రభుత్వ చెరువులూ బావులూ అస్పృశ్యులకి తెరవాలంది. మహద్ మునిసిపాలిటీ 1924లో దానికి వంత పాడింది. అయినా చవదార్ చెరువులో ఒక్క దళితుడి చెయ్యి తడవలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి దోసిలితో తాగాకే ఆ తీర్మానానికి ప్రాణం వచ్చింది. ఆ వెంటనే దాడి జరిగింది. పై కులాలవాళ్లు ఆవు పేడ, మూత్రం కలిపిన బిందెలు పోసి చెరువుని "శుద్ధి" చేసుకున్నారు. హైకోర్టు దళితుల పక్షాన చెప్పేసరికి 1937 వచ్చింది.

మన వైపు కూడా ఇదే కథ. అప్పటికి గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉంది. అక్కడి శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ 1924లోనే బాటలూ బావులూ చెరువులూ అందరివీ అన్న తీర్మానం నెగ్గించాడు. 1938లో ఎం.సి. రాజా కృషితో పౌర అశక్తతల నిర్మూలన చట్టం వచ్చింది. 1950లో రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాల పేర్లు పెట్టి మరీ రాసింది. ఇన్ని రాతల తర్వాత, రాజ్యాంగం వచ్చిన 35 ఏళ్లకి, డెల్టా అంచున ఒక చెరువుగట్టు మీద ఏం జరిగిందో చూద్దాం.

కారంచేడు: బిందె చెప్పిన జలవిధానం

1985 జులై 16. కారంచేడు మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గర కమ్మ కులపు యువకులు గేదెలకి కుడితి పెట్టిన బక్కెట్లు కడుగుతూ ఆ మురికి చెరువులోకి వదిలారు. అవి మేం తాగే నీళ్లు అని ఒక మాదిగ కుర్రాడు అడ్డు చెప్పాడు. అడిగినందుకు కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం వెళ్లింది. ఆమె మీదా చెయ్యెత్తితే చేతిలో ఉన్న బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17 పొద్దున, మాదిగపల్లె మీద గుంపుగా పడ్డారు. పొలాల్లోకి పరుగెత్తిన వాళ్లని వెంటాడి నరికారు. ఆరుగురు మాదిగలు చనిపోయారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. బతికినవాళ్లు చీరాల చేరి, మళ్లీ ఆ ఊరికి పోమన్నారు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు దానికి నాయకత్వం వహించారు.

కారంచేడుని మనం ఆత్మగౌరవ పోరాటంగా చదువుకున్నాం. అది సరైన చదువే. దాన్ని నీటి చరిత్రగా కూడా చదవాలని మా ప్రతిపాదన. చెరువుగట్టు మీద వచ్చిన తగాదాలో విషయం ఏమిటి? తాగేనీళ్లు ముందా, గొడ్ల కుడితి ముందా? ప్రభుత్వం 1987లో విధానంగా రాసుకున్న సూత్రాన్ని, రెండేళ్ల ముందే మాదిగపల్లె చెరువు దగ్గర అడిగింది. మనిషి తాగే నీళ్లకి మిగతా వాడకాలన్నీ తర్వాతే అన్నది. వాడకాల వరస గురించి అడిగితే జవాబు మనుషుల వరస నుంచి వచ్చింది. నీళ్లు మురికి చేయొద్దు అన్న మాటలో తప్పు లేదు, ఆ మాట అన్న నోరు తప్పు అన్నారు. మహద్‌లో మనిషి చెయ్యి మైల, పశువు మూత్రం శుద్ధి. కారంచేడులో గేదె కుడితికి ఇచ్చిన విలువ మాదిగ గొంతుకి ఇవ్వలేదు. అరవై ఏళ్లలో మారింది చెరువు పేరే.

ఆరేళ్లకి, 1991 ఆగస్టు 6న, తెనాలి పక్కనే చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి శవాల్ని గోతాల్లో కట్టి తుంగభద్ర డ్రెయిన్‌లో, కాల్వలో పడేశారు. కొల్లూరు చుట్టుపక్కల దళితవాడల్లో కాల్వ అన్న మాటకి ఆ జ్ఞాపకం కూడా అంటుకుని ఉంది. డెల్టాలో నీళ్ల గురించి మాట్లాడుతూ దీన్ని పక్కన పెట్టలేం.

కారంచేడు ఒక మేలు చేసింది. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షన్‌లో ఒక నిబంధన ఉంది. దళితులు, ఆదివాసులు మామూలుగా వాడుకునే ఊట, చెరువు, ఏ నీటి వనరునైనా పనికిరాకుండా మురికి చేయడం అత్యాచార నేరం. అంటే తాగేనీళ్లని కాపాడటం కేవలం పారిశుద్ధ్యం కాదు, కుల అణచివేతకి సంబంధించిన విషయం అని చట్టం ఒప్పుకుంది. దేశంలో వచ్చిన నీటి చట్టాల్లో రెండు వరసలనీ ఒకేచోట చూసింది ఇదే అని మా అభిప్రాయం. మన కార్యకర్తలు తిట్టిన కేసుల్లో, కొట్టిన కేసుల్లో ఈ చట్టాన్ని వాడినంతగా నీళ్ల కేసుల్లో వాడటం లేదు.

గడ్డి ఎండిన చోట్ల జరిగిందేమిటి

ఇప్పుడు లాన్ ఆంక్షల దగ్గరికి వద్దాం. మనుషుల వరసను వదిలేసి వాడకాల వరసను మాత్రమే పట్టుకుంటే ఏమవుతుందో అవి చూపిస్తాయి.

లాన్ ఇంగ్లీషు దొరల అలవాటు. ఏడాది పొడుగునా జల్లు పడే దేశంలో గడ్డి దానంతటదే పెరుగుతుంది. మన ఎండకి దాన్ని తాగించి బతికించాలి. ఎంత తాగుతుందో లెక్క వేయడం కష్టం కాదు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లు పట్టాలంటే ఒక లీటరు కావాలి. వేసవిలో రోజుకి అయిదు మిల్లీమీటర్లు పట్టారనుకుందాం. ఎకరం లాన్‌కి రోజుకి 20 వేల లీటర్లు. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇస్తామని 2019లో మొదలైన జల్‌జీవన్ మిషన్ మనిషికి రోజుకి పెట్టిన లెక్క 55 లీటర్లు. అంటే ఎకరం గడ్డి 360 మందికి పైగా పల్లెజనం నీళ్లు తాగుతుంది. పైపులున్న పట్నానికి మనిషికి 135 లీటర్లని లెక్క కట్టిన ప్రభుత్వమే పల్లెకి 55 చాలంది. లాన్‌లు ఎక్కువగా ఉండేది ఆ పట్నాల్లోనే.

2015 ఏప్రిల్ 1న కాలిఫోర్నియా గవర్నరు జెర్రీ బ్రౌన్ పట్టణాల నీటి వాడకం నాలుగో వంతు తగ్గించాలనీ, రోడ్ల నడుమ డివైడర్ల మీది అలంకారపు గడ్డికి తాగునీరు పట్టొద్దనీ ఆదేశించాడు. అక్కడి మన తెలుగువాళ్లు చాలామంది ఇంటిముందు గడ్డి ఎండబెట్టుకోవడం అప్పుడే నేర్చుకున్నారు. అదే కాలంలో అదే రాష్ట్రంలో ఈస్ట్ పోర్టర్‌విల్‌లో బావులెండిపోయి కుటుంబాలకి ఇంట్లో చుక్క నీళ్లు రాలేదు. అక్కడున్నది ఎక్కువగా మెక్సికో నుంచి వచ్చిన వ్యవసాయ కూలీలు. వాళ్లకి తగ్గించుకోవడానికి లాన్ లేదు, పట్నం పైపూ లేదు. 

2018 ఫిబ్రవరి 1 నుంచి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో మనిషికి రోజుకి 50 లీటర్లే అన్నారు. తోటలకి కుళాయి నీళ్లు బందు. ప్రపంచమంతా అయ్యో అన్నది. కానీ నల్లవాళ్ల గుడిసెవాడలు వీధి కుళాయిల దగ్గర క్యూ కట్టి అంతకన్నా తక్కువతోనే ఏళ్లుగా బతుకుతున్నాయి. ఆ నగరం మీద 2023లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం జనాభాలో 14 శాతం ఉన్న సంపన్నులూ పై మధ్యతరగతీ సగానికి పైగా నీళ్లు వాడుతుంటే, 60 శాతం దాటిన పేదల వాటా పావు వంతు చిల్లర. అందరికీ ఒకే అంకె పెట్టడం సమానత్వంలాగే కనిపిస్తుంది. కానీ ఎప్పుడూ ఆ అంకె కిందే ఉన్నవాళ్లకి అది ఏమీ ఇవ్వదు.

మన దగ్గరికొస్తే, 2016 ఏప్రిల్‌లో లాతూరుకి రైలు ట్యాంకుల్లో తాగునీళ్లు పోయాయి. అదే నెల 13న బొంబాయి హైకోర్టు, ఏప్రిల్ 30 తర్వాత మహారాష్ట్రలో జరగాల్సిన ఐపీఎల్ క్రికెట్ పోటీల్ని బయటికి తరలించమంది. జనానికి తాగడానికి లేనప్పుడు మైదానం గడ్డికి నీళ్లా అన్నది ప్రశ్న. మంచి తీర్పే. ఆ పోటీలు ఎక్కడికొచ్చాయి? ముంబై, పుణె జట్ల ఆటలు ఆరు మే నెలలో మన విశాఖపట్నంలో జరిగాయి. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా వందల మండలాల్ని కరువు మండలాలుగా ప్రకటించింది. ఆంక్ష రాష్ట్రం ఎల్లల దగ్గర ఆగింది, గడ్డి దాటేసింది.

2024 మార్చిలో బెంగళూరు జలమండలి తోటలకి, కార్లు కడగడానికి, ఫౌంటెన్లకి తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నది. ఆ నగరంలో రాయలసీమ నుంచి వలసపోయిన తెలుగు కూలీలున్నారు. వాళ్లుండే రేకుల షెడ్లకి లాన్ లేదు, కారు లేదు. అపార్ట్‌మెంట్ లాన్‌కి పైపు పట్టే మనిషి మాత్రం చాలాచోట్ల మన వాడల మనిషే. గడ్డి ఎండితే అతని పని పోతుంది. మిగిలిన నీళ్లు అతని గుడిసె దాకా వస్తాయన్న పూచీ ఏ ఆదేశంలోనూ లేదు. లాన్ ఆంక్షలన్నిటిలో లోపం ఇదే. ఆపడం గురించి రాస్తారు, చేర్చడం గురించి రాయరు.

డెల్టాలో అడగాల్సినవి

కొల్లూరులాంటి మండలంలో ఎకరాల కొద్దీ లాన్‌లు లేవు కదా, ఇది మనకెందుకు అనిపించవచ్చు. మన డెల్టాలో లాన్ స్థానంలో వేరేవి ఉన్నాయి. సముద్రం వైపు రొయ్యల చెరువులు వచ్చి చుట్టూ ఉన్న తాగునీళ్లని ఉప్పు చేశాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల సాగు మీద తీర్పు చెప్పినప్పుడు తాగునీటి బావులు పాడైన సంగతి దాని ముందుంది. ఎవరి లాభానికో, ఎవరి అందానికో, ఎవరి గొడ్డుకో ముందు నీళ్లిచ్చి వాడ గొంతుని చివర పెట్టే పద్ధతి ఏ రూపంలో ఉన్నా ఒకటే. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా, ప్రజల తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయకూడదంది. ఎంత మంది పెద్దరైతుల దగ్గర దాన్ని అమలు చేశారని మండలాఫీసులో అడిగి చూడండి.

మా దృష్టిలో అడగాల్సిన ప్రశ్నలు మూడు. మొదటిది, ఆంక్ష పెట్టి మిగిల్చిన నీళ్లు ఎటు పోతున్నాయి? కాల్వ కట్టేముందు చెరువులు నింపే వరస వేసవిలో అందరికీ తెలిసేలా పంచాయతీ గోడ మీద రాయాలి. కాల్వ చివరి ఊళ్లు, ఆ ఊళ్లలో వాడల చెరువులు ముందు నిండాలి. రెండోది, చూసేవాళ్లెవరు? నీళ్లు దుబారా చేసే ఆసామిని ఊరి పెద్దలే కనిపెట్టి చూస్తారనుకోవడం వెర్రి. చెరువునీ కుళాయినీ కనిపెట్టే కమిటీలో రోజూ బిందె మోసే దళిత స్త్రీలుండాలి. వాళ్లకి పేరుకి కాదు, ఆపే అధికారం ఉండాలి. మూడోది, అడిగినవాళ్లకి రక్షణేది? కారంచేడులో అడిగిన మరునాడే చంపారు. వాడ నీళ్లు మురికి చేసిన చోట 1989 చట్టం కింద కేసు రాయించాలి. పంచాయతీ తగాదా అని సర్దిపెట్టనివ్వకూడదు.

ఉపాధ్యాయులకీ విద్యార్థులకీ ఒక మాట. మీ ఊరి నీటి చరిత్ర ఎవరూ రాయలేదు. మంచినీళ్ల చెరువు ఎప్పుడు తవ్వారు, ఏ రేవులో ఎవరు దిగేవాళ్లు, వాడకి కుళాయి ఏ ఏడు వచ్చింది, అది లైనుకి మొదట ఉందా కొసన ఉందా, ఇవి ముసలివాళ్లనడిగి రాయండి. ఆనకట్ట కట్టిన దొరల పేర్లు మన పుస్తకాల్లో ఉన్నాయి. బిందె ఎత్తిన సువార్త పేరు ఏ నీటిపారుదల చరిత్రలోనూ లేదు. గడ్డికి నీళ్లాపమని ప్రభుత్వం ఇప్పుడు చెబుతోంది. గొడ్డు కుడితి ఆపమని ఆమె 1985లోనే చెప్పింది. ప్రభుత్వానికి దాన్ని జరిమానా వేసి చెప్పే చట్టం ఉంది. ఆమెకి చేతిలో బిందె తప్ప ఏమీ లేదు. ఆ అధికారాన్ని ఆ బిందె దగ్గరికి తేవడమే ఇప్పుడు మన ముందున్న పని.